కూలెంట్‌లో ఉండేదే కేకులోనూ ఉందా? లేబుల్ చదవడం నుంచి సీసా దాచడం దాకా ఏం చేయాలి

ఎండలు ముదిరితే చాలు, ఐస్‌క్రీం ప్యాకెట్ ఫొటో ఒకటి వాట్సాప్‌లో తిరగడం మొదలవుతుంది. 1520 అన్న అంకె చుట్టూ ఎర్ర గీత, కింద "ఇది కారు రేడియేటర్‌లో పోసే కెమికల్, పిల్లలకు పెట్టకండి" అని ఒక హెచ్చరిక. తిరుపతి, చిత్తూరుల్లో ఇంట్లోనే కేకులు చేసి అమ్మేవాళ్లు, కుల్ఫీ వేసేవాళ్లు, చిన్నపిల్లల తల్లులు ఇదే అడుగుతూ ఉంటారు. ఏం చూడాలో, ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను. ఒకసారి చదివి ఫ్రిజ్ మీద అంటించుకున్నా సరే.

ముందు ఇంత తెలిస్తే చాలు

గ్లైకాల్ అన్న పేరుతో మూడు పదార్థాలున్నాయి. ప్రొపిలీన్ గ్లైకాల్‌ను పరిమితి మేరకు ఆహారంలో వాడటానికి అనుమతి ఉంది. ఐఎన్‌ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబరు) 1520 అంటే ఇదే. రంగును, వాసననిచ్చే సరుకును కరిగించి పట్టి ఉంచడానికి, కేకు పొడిబారకుండా చూడటానికి వాడతారు. కొన్ని రకాల కూలెంట్లలో, చిల్లర్ మెషీన్లలో కూడా ఇది ఉంటుంది. ఇథిలీన్ గ్లైకాల్ విషం. బజారులో దొరికే కారు కూలెంట్లలో ఎక్కువ వాటిలో ఉండేది ఇదే. డైఇథిలీన్ గ్లైకాల్ కూడా విషమే. మందుల్లో కలిసి ఎందరో పిలకాయల ప్రాణాలు తీసింది ఇది.

మూడూ రంగులేని, కాస్త చిక్కటి, తియ్యటి ద్రవాలే. పక్కపక్కన గ్లాసుల్లో పోసి పెడితే ఎవరూ తేడా చెప్పలేరు. తేడా అంతా ఒంట్లోకి వెళ్లాక తెలుస్తుంది. ప్రొపిలీన్ గ్లైకాల్‌ను లివర్ లాక్టిక్ యాసిడ్‌గా మార్చేస్తుంది. అది మన కండరాల్లో రోజూ పుట్టేదే. ఇథిలీన్ గ్లైకాల్ చివరికి ఆక్సాలిక్ యాసిడ్‌గా మారి, కాల్షియంతో కలిసి స్ఫటికాలై కిడ్నీల్లో పేరుకుంటుంది.

"యాంటీఫ్రీజ్‌లో (నీళ్లు గడ్డకట్టకుండా కలిపే దాంట్లో) ఉంది" అన్నంత మాత్రాన ఏ సరుకూ విషం కాదు. ఆ మాటకొస్తే ఉప్పు కూడా యాంటీఫ్రీజే. కుల్ఫీ బండి మీద కుండలో ఐసు ముక్కలకు కల్లుప్పు కలిపేది అందుకే: ఉప్పు కలిసిన నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, ఇంకా కిందికి దిగుతాయి. కొన్ని కూలెంట్లలో తుప్పు పట్టకుండా వేసే సోడియం బెంజోయేట్ మన పచ్చడి, సాస్ సీసాల మీద 211గా కనిపిస్తుంది. ఫార్వర్డు తయారుచేసేవాళ్లు ఉప్పు జోలికి పోరు, ఎందుకంటే ఎవరూ భయపడరు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఫోను (కెమెరా జూమ్, టార్చ్ కోసం). అందులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) వాళ్ల "ఫుడ్ సేఫ్టీ కనెక్ట్" యాప్
- 5 మి.లీ. కొలత చెంచా. దగ్గు మందుతో వచ్చే మూత అయినా చాలు
- చెరిగిపోని మార్కర్ పెన్ను
- కారో ఆటోనో ఉంటే కూలెంట్ అసలు సీసా, దాన్ని పెట్టడానికి తాళం పడే అల్మారా
- వ్యాపారం కోసం కొనేవాళ్లకు: బిల్లు, ఆ బ్యాచ్ టెస్ట్ సర్టిఫికెట్

ఇంట్లో చేసుకునే పరీక్ష కిట్ ఏదీ ఈ జాబితాలో లేదు. ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను.

1. లేబుల్ మీద అంకె కాదు, పూర్తి పేరు వెతకండి

వెనీలా ఎసెన్స్ 20 మి.లీ. సీసా చేతిలోకి తీసుకోండి. ముందు వైపు పువ్వు బొమ్మ, పెద్ద అక్షరాల్లో పేరు. అసలు సంగతి వెనక, అతుకు దగ్గర, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి. మొదట నీళ్లు, తర్వాత ప్రొపిలీన్ గ్లైకాల్ 1520, తర్వాత రంగు, ఫ్లేవర్ ఇలా ఉండొచ్చు. గ్లైకాల్ బదులు కొన్నిటిలో గ్లిజరిన్ ఉంటుంది, దాని నంబరు 422.

"గ్లైకాల్" అన్న చోట ఆగిపోకండి. దాని ముందున్న మాటే ముఖ్యం. "ప్రొపిలీన్" అని ఉంటే తర్వాతి మెట్టుకు పోవచ్చు. "ఇథిలీన్" లేదా "డైఇథిలీన్" అని ఉంటే అది తినే సరుకు కాదు. ఫ్లేవర్లలో ద్రావకంగా డైఇథిలీన్ గ్లైకాల్ వాడకూడదని మన దేశ ఆహార నిబంధనల్లోనే రాసి ఉంది. వట్టి "గ్లైకాల్" అని రాసి వదిలేసిన సీసా కొనకండి.

పారిశ్రామిక డబ్బాల మీద సీఏఎస్ నంబరు అని ఒకటి ఉంటుంది, ఒక్కో రసాయనానికి విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు అది. పేర్లు తికమక పెట్టినా ఆ నంబరు పెట్టదు. ప్రొపిలీన్ గ్లైకాల్ 57-55-6. ఇథిలీన్ గ్లైకాల్ 107-21-1. డైఇథిలీన్ గ్లైకాల్ 111-46-6. గ్లిజరిన్ 56-81-5. వ్యాపారం చేసేవాళ్లు ఈ నాలుగూ గోడ మీద రాసి పెట్టుకోండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు: బిస్కెట్ ప్యాకెట్ మీద 1520 కనిపించలేదు కాబట్టి అందులో అది లేదనుకోవడం. ఎసెన్స్ వెంట కొద్దిగా వచ్చే గ్లైకాల్ చివరి ప్యాకెట్ మీద విడిగా కనిపించకపోవచ్చు. దానికి కంగారు అక్కర్లేదు, ఆ మోతాదు చాలా తక్కువ. ఎంత తక్కువో కింద లెక్క చూడండి.

2. ఎంత తింటున్నామో లెక్క వేయండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థల (ఎఫ్ఏఓ) ఉమ్మడి నిపుణుల కమిటీ పెట్టిన పరిమితి: రోజుకు కిలో శరీర బరువుకు 25 మిల్లీగ్రాములు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో మళ్లీ పరిశీలించి అదే అంకె ఉంచింది. జీవితాంతం ప్రతి రోజూ తిన్నా ఇబ్బంది రాని మోతాదు ఇది. దాటిన మరుక్షణం విషమయ్యే గీత కాదు.

60 కిలోల మనిషికి 60 × 25 = 1,500 మి.గ్రా., అంటే గ్రామున్నర. 15 కిలోల పిల్లవాడికి 375 మి.గ్రా.

ఇప్పుడు కేకు. కిలో కేకులో ఒక టీస్పూన్, అంటే 5 మి.లీ. ఎసెన్స్ పోశారనుకుందాం. ఆ ఎసెన్స్ మొత్తం ప్రొపిలీన్ గ్లైకాలే అనుకుని, అంటే ఉండగలిగినంత ఎక్కువగా లెక్క వేద్దాం: సుమారు 5.2 గ్రాములు. కేకును 12 ముక్కలు చేస్తే ముక్కకు 430 మి.గ్రా. పెద్దవాళ్లకు ఇది పరిమితిలో మూడో వంతు కూడా కాదు. 15 కిలోల పిల్లవాడికి మాత్రం ఒక్క ముక్కతోనే పరిమితి కాస్త దాటింది. నిజానికి చాలా ఎసెన్సుల్లో నీళ్లూ ఉంటాయి కాబట్టి అంత రాదు. పుట్టినరోజు నాడు ఒక ముక్క తిన్నందుకు భయపడాల్సిందేమీ లేదు.

భయపడాల్సింది మూతతో పోసే అలవాటుకు. "వాసన రాలేదు, ఇంకో మూత వెయ్యి" అంటూ రెండు మూడు మూతలు వంచేస్తారు. ఆపైన రంగు, అదీ గ్లైకాల్‌లో కరిగించినదే. ఐసింగ్‌లో మళ్లీ ఎసెన్స్. అమ్మే కేకు అయితే మీ చేతిలో ఎంత పడిందో తినేవాళ్లకు తెలియదు. కొలత చెంచా వాడండి, సీసా మీద రాసిన మోతాదు దాటకండి. పొయ్యిలో వాసన ఎగిరిపోతోందనిపిస్తే ఎసెన్స్ పెంచే బదులు చల్లారాక చక్కెర పాకంలో రెండు చుక్కలు కలిపి పైన రాయండి. అసలు గ్లైకాలే వద్దనుకుంటే యాలకుల పొడి, నిమ్మ తొక్క తురుము, కాఫీ డికాక్షన్ ఉన్నాయి. మన ఊళ్లో యాలకుల కేకు వద్దనేవాళ్లు నాకింకా తగల్లేదు.

పసిపిల్లల ఒంట్లోంచి ఇది పెద్దవాళ్లలో పోయినంత త్వరగా పోదు. కిడ్నీ, లివర్ జబ్బులున్నవాళ్లకూ అంతే. వీళ్లు వాడే సిరప్‌లు, ఇంజెక్షన్లలో గ్లైకాల్ సంగతి డాక్టరుతో మాట్లాడాల్సిన విషయం. కేకు ముక్కతో పోల్చి మీరే తేల్చుకోకండి.

3. విడిగా పోసి ఇచ్చేది కొనకండి

అసలు ప్రమాదం మొదలయ్యేది ఇక్కడే, డబ్బా మారిన చోట. పెద్ద డ్రమ్ములోంచి చిన్న సీసాలోకి పోసి, చేత్తో రాసిన కాగితం అంటించి ఇచ్చే సరుకు ఎంత చవకైనా వద్దు. మధ్యలో ఎన్ని చేతులు మారిందో, ఏ చేతిలో ఏది కలిసిందో ఆ కాగితం చెప్పదు.

కొనేటప్పుడు చూడాల్సినవి: కంపెనీ సీలు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ. లైసెన్స్ నంబరును యాప్‌లో కొట్టి చూడండి. ఆ పేరే, ఆ ఊరే వస్తోందా? సీసా మీద ఒక పేరు, యాప్‌లో ఇంకో పేరు వస్తే తిరిగి ఇచ్చేయండి.

కేకులు చేసేవాళ్లలో ఇంకో అలవాటు ఉంది. ఫాండెంట్ (కేకు మీద పరిచే చక్కెర ముద్ద) మెత్తగా రావడానికి గ్లిజరిన్ కావాలంటారు, మెడికల్ షాపుకు పోయి చర్మానికి రాసుకునే సీసా తెచ్చేస్తారు. దాని మీద "బాహ్య ఉపయోగానికి మాత్రమే" అని ఉంటుంది. ఆ మాట ఊరికే వేసింది కాదు. 1986లో ముంబైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 14 మంది చనిపోవడానికి కారణం గ్లిజరిన్‌లో కలిసిన డైఇథిలీన్ గ్లైకాలే. కేకుకైతే 422 అని రాసి, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరున్న ఆహార గ్లిజరిన్ మాత్రమే కొనండి.

లీటర్ల లెక్కన కొనేవాళ్లు ఆ బ్యాచ్ టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. అందులో రెండు చూడాలి. ఒకటి, ఇథిలీన్, డైఇథిలీన్ గ్లైకాల్ పరీక్ష ఫలితం ఉందా, అది 0.10 శాతం లోపు ఉందా. రెండు, సర్టిఫికెట్ మీద బ్యాచ్ నంబరు, డబ్బా మీద బ్యాచ్ నంబరు ఒకటేనా. చాలామంది మొదటిది చూసి తృప్తిపడి రెండోది వదిలేస్తారు. ఏడాది కిందటి పాత సర్టిఫికెట్ జిరాక్స్ ప్రతి డబ్బాతోనూ పంపే షాపులు ఉంటాయి. నంబరు కలవకపోతే ఆ కాగితం ఉన్నా లేనట్టే.

4. ఇంట్లో పరీక్ష చేయకండి

నాలుక మీద వేసి చూడటం, వాసన చూడటం, మంట పెట్టి చూడటం, ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిందో లేదో చూడటం. వీడియోల్లో ఇవన్నీ చూపిస్తారు. మూడు గ్లైకాల్స్‌నూ వీటిలో ఏదీ విడదీయలేదు. రుచి చూడటమైతే మరీ తెలివితక్కువ పని. పరీక్ష పేరుతో విషాన్ని మీరే నోట్లో వేసుకుంటారు.

ఇవి తేలేది గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే యంత్రం మీద, లేబొరేటరీలో. మీరు కొన్న సరుకు మీద గట్టి అనుమానం ఉంటే దారి ఉంది. 2006 ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ కింద, కొన్నవాళ్లెవరైనా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్ చేత పరీక్ష చేయించుకోవచ్చు. సరుకు చట్టానికి విరుద్ధంగా ఉందని తేలితే ఆ ఫీజు తిరిగి ఇస్తారు. మూత తీయని సీసా, దాని బిల్లు ఉంటే పని సులువు. సగం వాడిన సీసా ఇస్తే "మీరే ఏదో కలిపారు" అనే మాట పడాల్సి వస్తుంది.

5. కుల్ఫీ, ఐస్ క్యాండీ మెషీన్ ఉన్నవాళ్లకు

ఇళ్లలో చదివేవాళ్లు దీన్ని దాటేయొచ్చు.

అచ్చులు మునిగి ఉండే ట్యాంకులో పోసేది ఉప్పు నీళ్లయినా కావొచ్చు, కాల్షియం క్లోరైడ్ నీళ్లయినా కావొచ్చు, ప్రొపిలీన్ గ్లైకాల్ అయినా కావొచ్చు. కారు కూలెంట్ మాత్రం పోయకండి. "ఆటో స్పేర్స్ షాపులో సగం ధరకే వస్తుంది, అచ్చు లోపలికి ఎలాగూ పోదు కదా" అనే సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. పోతుంది. ఎలా పోతుందో, ఎలా పట్టుకోవాలో చూడండి.

ముందు అచ్చులు. ప్రతి అచ్చులోనూ మంచినీళ్లు నింపి, రాత్రంతా పొడి కాగితం మీద నిలబెట్టండి. తెల్లారి కాగితం మీద తడి మరక ఉంటే అక్కడ సూది బెజ్జం పడింది. ఆ అచ్చు ఇక పనికిరాదు. ఎంసీల్ పెట్టి మూయడం కుదరదు, చలికి అది చిట్లుతుంది.

తర్వాత ట్యాంకు మట్టం. ద్రవం అచ్చు అంచుకు కనీసం రెండు వేళ్లు కింద ఉండాలి. మెషీన్ ఆపి ఉన్నప్పుడు, అచ్చులన్నీ బయట పెట్టి, మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీయండి. రోజూ పొద్దున అదే స్థితిలో చూడండి. గీత కిందికి దిగి, కింద నేల మీద మాత్రం చుక్క కనబడకపోతే ఆ రోజు సరుకు వేయడం ఆపండి. బయటికి కారలేదంటే ఎక్కడికి పోయిందో తేలేదాకా పని మొదలుపెట్టకూడదు.

మూడోది ఎవరూ పట్టించుకోనిది. ట్యాంకులోంచి తీసిన అచ్చుకు బయటివైపు గ్లైకాల్ అంటుకునే ఉంటుంది. అలాగే వంచితే అంచు మీదుగా జారి కుల్ఫీ మీదే పడుతుంది. ముందు ఒక బకెట్ నీళ్లలో బయటివైపు కడగండి, తర్వాత వేరే బకెట్‌లో ముంచి కుల్ఫీ ఊడదీయండి. మొదటి బకెట్ నీళ్లు తరచూ మార్చాలి. మార్చకపోతే కాసేపటికి అదే గ్లైకాల్ నీళ్లవుతుంది.

"ఫుడ్ గ్రేడ్ కూలెంట్" అని అమ్మేది తినడానికి కాదు. అందులో తుప్పు పట్టకుండా పొటాషియం ఫాస్ఫేట్ లాంటివి కలుపుతారు. పొరపాటున చుక్క తగిలినా హాని ఉండకూడదని ఆ గ్రేడు, అంతే. దాన్ని ఎసెన్స్‌లో కలపొచ్చని కాదు.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో, డెయిరీల్లో ప్లేట్ల మధ్య చల్లార్చే పద్ధతి ఉంటుంది. అక్కడ ఆపరేటర్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: సరుకు వైపు ప్రెషర్ ఎప్పుడూ కూలెంట్ వైపు కన్నా ఎక్కువ ఉండాలి. ప్లేటు పగిలినా సరుకే అటు పోతుంది, కూలెంట్ ఇటు రాదు.

6. కారు కూలెంట్‌ను ఇంట్లో ఎలా పెట్టుకోవాలి

ఇది తక్కువగా అడుగుతారు. నిజానికి ముందు అడగాల్సింది ఇదే.

మనకు గడ్డకట్టే చలి లేదు. డిసెంబరులో హార్స్‌లీ హిల్స్ మీద కూడా రేడియేటర్ గడ్డకట్టదు. మన దగ్గర కూలెంట్ పోసేది మరగకుండా, తుప్పు పట్టకుండా ఉండటానికి. సగం ఇథిలీన్ గ్లైకాల్, సగం నీళ్లు కలిపితే మరిగే స్థాయి సుమారు 106 డిగ్రీలకు పెరుగుతుంది. ప్రెషర్ మూత దాన్ని ఇంకా పెంచుతుంది. మే నెలలో నిండా జనంతో తిరుమల ఘాట్ ఎక్కే బండికి అది కావాలి. అందుకే తిరుపతిలో టాక్సీలున్న ఇళ్లలో ఈ సీసా తప్పకుండా ఉంటుంది.

చిక్కు ఏమిటంటే, ఐదు లీటర్ల డబ్బా మోయలేక డ్రైవర్లు కాస్త ఖాళీ వాటర్ బాటిల్‌లోకో, కూల్ డ్రింక్ సీసాలోకో పోసుకుని సీటు కింద పెడతారు. ఆకుపచ్చ, గులాబీ, నారింజ, నీలం ఏ రంగైనా సరే, పిల్లల కంటికి అది షర్బత్తే. తియ్యగా కూడా ఉంటుంది. చేదు కలిపిన రకాలున్నాయి, కానీ మీ సీసాలో కలిపారని నమ్మకం పెట్టుకోకండి. రంగును బట్టి "ఇది మంచి రకం" అని తేల్చడమూ కుదరదు. రంగు కంపెనీ ఇష్టం.

ఎంత తాగితే ప్రమాదం? కలపని ఇథిలీన్ గ్లైకాల్ అయితే కిలో బరువుకు సుమారు 1.4 మి.లీ. ప్రాణాంతకమని లెక్క. 15 కిలోల పిల్లవాడికి అది 21 మి.లీ., అంటే నాలుగు టీస్పూన్లు. అంతకన్నా తక్కువైనా ఆసుపత్రి కేసే.

కాబట్టి:

- అసలు సీసా తప్ప ఇంకే సీసాలోనూ పోయకండి. చిన్నది కావాలంటే చిన్న సీసాయే కొనండి.
- మంచినీళ్ల సీసాలు పెట్టే చోట, వంటింట్లో, నూనె డబ్బాల పక్కన వద్దు. తాళం పడే అల్మారాలో, పై అరలో.
- ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకండి. ఘాట్ మధ్యలో ఆగినా సరే, చల్లారేదాకా ఆగాల్సిందే.
- కింద పడితే ఇసుకో బూడిదో చల్లి, పీల్చుకున్నాక ఎత్తి సంచిలో కట్టి, ఆ చోటు సబ్బు నీళ్లతో కడగండి. అలాగే వదిలేస్తే వీధి కుక్కలు, దూడలు నాకుతాయి.
- పాత కూలెంట్ కాలువలో పారబోయకండి. సర్వీసింగ్ సెంటర్‌కే ఇచ్చేయండి.

కారు కూలెంట్‌గా ప్రొపిలీన్ గ్లైకాల్ రకం దొరికితే పిల్లలు, పెంపుడు జంతువులున్న ఇంటికి అది మేలు. ధర ఎక్కువ. అదైనా తాగేది కాదు, జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. మీ బండి మాన్యువల్ ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకోండి.

7. తాగేశారని అనుమానం వస్తే

ఎదురుచూడొద్దు. లక్షణాలు కనబడలేదని ఊరుకోవద్దు. మొదటి గంటల్లో మనిషి బాగానే ఉన్నట్టు కనిపించొచ్చు. తర్వాత తాగినవాడిలా తూలడం, మాట ముద్దవడం, వాంతులు. నోట్లో మందు వాసన మాత్రం ఉండదు. ఆపైన గుండె, ఊపిరి వేగం పెరుగుతాయి. ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీలు దెబ్బతింటాయి, ఒంటేలు తగ్గిపోతుంది. అప్పుడు పరుగెత్తితే ఆలస్యమైపోతుంది.

1. 108కి ఫోన్ చేయండి, లేదా వెంటనే బండి ఎక్కించండి. డయాలసిస్ ఉన్న పెద్ద ఆసుపత్రికే పోండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. చిత్తూరు వైపు వాళ్లు దగ్గరి ఆసుపత్రిలో ముందు చూపించి, పెద్దాసుపత్రికి పంపాలా అని అక్కడే అడగండి.
2. సీసా వెంట తీసుకుపోండి. లేబుల్ చూస్తేనే డాక్టరుకు ఏ గ్లైకాలో తెలుస్తుంది.
3. ఎన్ని గంటలకు, సుమారు ఎంత తాగారో కాగితం మీద రాసుకోండి. టెన్షన్‌లో గుర్తుండదు.
4. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించకండి.
5. బ్రాందీ పట్టకండి. ఈ విషానికి ఆల్కహాల్ విరుగుడని విని కొందరు పట్టేస్తారు. ఫోమెపిజోల్ అనే మందు లేని చోట ఆసుపత్రిలో ఇథనాల్ ఇవ్వడం నిజమే. అది రక్త పరీక్షలు చూస్తూ కొలిచి ఇచ్చేది. ఇంట్లో పిల్లవాడికి పోస్తే అది రెండో విషం.

వేరే ఊళ్లో ఉండి ఏం చేయాలో తోచకపోతే, ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరుకు ఫోన్ చేయొచ్చు. ప్రయాణం ఆపి కాదు, దారిలో.

8. దగ్గు మందు సీసా

తిండి కాకపోయినా దీన్ని వదలలేను, ఎందుకంటే మన దేశంలో గ్లైకాల్ చావులు ఎక్కువగా ఈ దారినే వచ్చాయి. సిరప్‌లో వాడాల్సిన ప్రొపిలీన్ గ్లైకాల్ లేదా గ్లిజరిన్ స్థానంలోకి డైఇథిలీన్ గ్లైకాల్ చేరడమే ఎక్కువగా జరిగింది. 1937లో అమెరికాలో వందమందికి పైగా పోయారు. 1998లో గురుగ్రామ్ ప్రాంతంలో 33 మంది పిల్లలు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా వైపు 20 మందికి పైగా పిల్లలు. ఆ సిరప్ తయారైంది మన పక్కనే, కాంచీపురం జిల్లాలో. తమిళనాడు అధికారుల పరీక్షలో అందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ తేలింది.

అందుకని: రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వద్దు. అయిదేళ్ల లోపు వాళ్లకూ మామూలుగా వద్దనే కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో చెప్పింది. డాక్టరు రాస్తే బిల్లుతో కొనండి, బ్యాచ్ నంబరు ఫొటో తీసి పెట్టుకోండి. పక్కింటివాళ్ల పాత సీసా తెచ్చి పట్టకండి. మందు మొదలుపెట్టాక పిల్లవాడు వాంతులు చేసుకుంటూ, ఒంటేలుకు పోవడం తగ్గితే మందు ఆపి, సీసాతో సహా ఆసుపత్రికి పోండి. రోజుకు ఎన్ని డైపర్లు తడుస్తున్నాయో లెక్క పెట్టడం తల్లులకు తెలిసిన పనే. ఇక్కడ అదే పట్టిచ్చే గుర్తు.

పని సరిగ్గా జరిగిందా?

ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి. లేబుల్ లేని ద్రవం ఏ సీసాలోనైనా మిగిలి ఉందా? కారు డిక్కీ, సీటు కింద, మోటారు షెడ్డు, మేడ మీద గది మర్చిపోకండి. ఏమిటో తెలియనిది దొరికితే మూత తీసి వాసన చూడకుండా, "తాగొద్దు" అని రాసి తాళం వేసి, పాత కూలెంట్‌తో పాటు సర్వీసింగ్ సెంటర్‌కు పంపేయండి. వంటింట్లో ఉన్న ప్రతి ఎసెన్స్, రంగు, గ్లిజరిన్ సీసా మీద పూర్తి పేరు, లైసెన్స్ నంబరు చదవగలుగుతున్నారా? అక్షరాలు చెరిగిపోయినవి పారేయండి.

మిగిలిన చిన్న ప్రశ్నలు

పిల్లికి కేకు పెట్టొచ్చా? వద్దు. ప్రొపిలీన్ గ్లైకాల్ మనుషులకు, కుక్కలకు పడినట్టు పిల్లులకు పడదు, ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. అమెరికాలో పిల్లుల ఆహారంలో దీన్ని 1996లోనే నిషేధించారు.

ఎసెన్స్ చేతి మీద పడి దురద వస్తోంది, విషమా? కొంతమంది చర్మానికి ప్రొపిలీన్ గ్లైకాల్ పడదు. కడుక్కోండి, గ్లిజరిన్‌లో చేసిన ఎసెన్స్‌కు మారండి.

ఫిర్యాదు ఎక్కడ? తిండి సరుకైతే ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో, లేదా 1800 112 100కు. ప్యాకెట్ పారేయకుండా, బిల్లు, బ్యాచ్ నంబరు ఫొటోతో పెట్టండి. సిరప్ అయితే ఔషధ నియంత్రణ శాఖ డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు, సీసాలో మిగిలిన మందుతో సహా.

ఖాళీ అయిన కూలెంట్ డబ్బా కడిగి నీళ్లు పట్టుకోవచ్చా? వద్దు. అడుగున బెజ్జం కొట్టి, ఇంకెవరూ వాడుకోలేకుండా చేసి పాత సామాన్లవాడికి వేయండి.